స్పాంజ్ ఫిల్టర్‌కు తోడుగా హ్యాంగ్ ఆన్ ఫిల్టర్ పెట్టవచ్చా?

నమస్కారం. మా ఇంట్లోని 120 లీటర్ల అక్వేరియంలో మూడు ఒరాండా గోల్డ్‌ఫిష్‌లు ఉన్నాయి. ఎయిర్ పంపుతో నడిచే స్పాంజ్ ఫిల్టర్ ఒక్కటే వాడుతున్నాను. అమ్మోనియాను నైట్రైట్‌గా, దానిని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా అందులో బాగా స్థిరపడినట్టుంది. పరీక్షించినప్పుడల్లా అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాగానే వస్తున్నాయి. అయితే గోల్డ్‌ఫిష్‌లు వదిలే వ్యర్థం ఎక్కువ కావడం వల్ల సన్నని పీచులాంటి మడ్డి నీటిలో తేలుతూ, చివరకు అడుగున మూలల్లో పేరుకుంటోంది. దానిని పట్టడానికి గాజు అంచుకు తగిలించే హ్యాంగ్ ఆన్ ఫిల్టర్‌ను కూడా అమర్చాలనుకుంటున్నాను. కరెంటు పోయినా బ్యాటరీ పంపుతో స్పాంజ్ ఫిల్టర్ నడుస్తుంది కనుక దానిని మాత్రం తీసివేయదలచుకోలేదు.

గుండ్రటి ఒళ్లు, పొడవాటి రెక్కలు గల ఒరాండాలు బలమైన ప్రవాహానికి ఎదురీదలేక అలసిపోతాయన్నదే నా ప్రధానమైన దిగులు. ఈ తొట్టెకు గంటకు ఎన్ని లీటర్లు తోడే ఫిల్టర్ సరిపోతుంది? నీరు పడే చోట స్పాంజి ముక్క అడ్డుపెడితే వేగం తగినంత తగ్గుతుందా? పాత స్పాంజిని తొట్టె నీటిలోనే పిండి, ఆ మడ్డినీటిని కొత్త ఫిల్టర్‌లోని సిరామిక్ రింగులపై పోస్తే బ్యాక్టీరియా త్వరగా నిలదొక్కుకుంటుందా? రెండు ఫిల్టర్లనూ వేర్వేరు వారాల్లో కడగాలనుకుంటున్నాను. ఇలా జంటగా నడుపుతున్నవారు ఎంత ఎడం పాటిస్తున్నారో దయచేసి తెలుపగలరు.