అప్‌డేట్: మామిడి పూత జిగటపట్టి నల్లబడిన సమస్య తీరింది

జనవరి చివర్లో మంచు, మబ్బు పట్టాక మా పెరటి బంగినపల్లి పూత జిగటగా మారి, ఆకులు మసిబారాయని అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. తేనెమంచు పురుగు అన్నవాళ్ల మాటే నిజమైంది. ఉద్యాన అధికారి వచ్చి పూత గెలను తట్టగానే గోధుమరంగు చిన్న పురుగులు చిటపటమంటూ ఎగిరాయి. అవి రసం పీల్చి వదిలే తీపి జిగురు మీదే ఆ నల్ల బూజు పెరుగుతుంది. కొందరు అనుకున్నట్టు మంచు పూతను మాడ్చలేదు, పురుగుకి కలిసొచ్చిందంతే. ఎరువులో, నీళ్లో తక్కువై వచ్చిన సమస్య కాదు. ఇంకా విచ్చని రెండో పూత మీద ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు లీటరు నీళ్లకు 0.3 మిల్లీలీటర్లు కలిపి సాయంత్రం కొట్టాం. పూలు విచ్చాక మాత్రం అస్సలు కొట్టకండి, తేనెటీగలు చచ్చిపోతాయి. ఆకుల మీద పలచని గంజి చల్లితే ఎండకి మసి పొరలుపొరలుగా ఊడిపోయింది, ఈ చిట్కా చెప్పినవారికి ప్రత్యేకంగా థాంక్స్! పిందెలు ఇప్పుడు గోలీలంత ఉన్నాయి. ఇక టెన్షనల్లా ఈదురుగాలుల గురించే.