డాక్టర్ హూ: కపాల్డీని మించిన డాక్టర్ ఎవరైనా ఉన్నారా?

నీలిపెట్టె:
'డాక్టర్ హూ' బ్రిటిష్ టీవీ సైన్స్ ఫిక్షన్ షో, హీరో పేరే డాక్టర్, చావు దగ్గరపడితే రూపం మార్చుకుంటాడు, అలా కొత్త నటుడు వస్తాడు. 1963 నుంచి ఇంతమంది డాక్టర్లు వచ్చారు, నా ఓటు మాత్రం పీటర్ కపాల్డీకే. 2015లో వచ్చిన 'హెవెన్ సెంట్' చూడండి చాలు. ఎపిసోడ్ మొత్తం ఒక్కడే. కోటలో ఇరుక్కుపోయి, వజ్రం కంటే గట్టి గోడని పిడికిలితో గుద్దడం, చావడం, మళ్లీ పుట్టి మళ్లీ గుద్దడం, ఇలా 450 కోట్ల ఏళ్లు. ఎదురుగా మాట్లాడే మనిషి లేకుండా మనల్ని అంతసేపు కదలకుండా కూర్చోబెట్టే డాక్టర్ ఇంకెవరున్నారో చెప్పండి.

రెండుగుండెలు:
డేవిడ్ టెన్నంట్. 2008లో 'మిడ్‌నైట్' చూశారా? డాక్టర్‌కి ఉన్న ఆయుధమల్లా నోరే. ఆ నోరే పడిపోతే ఏమవుతుందో టెన్నంట్ కళ్లతో చూపించాడు. గోడ గుద్దడం కంటే అది కష్టం.

రంగులకోటు:
'హెవెన్ సెంట్'లో ఒక్కడే కాదండీ. డాక్టర్‌తో కలిసి తిరిగే క్లారా ఉంది. వెంటపడే ఆ ముసుగు భూతం లోపల కూడా ఒక నటుడే ఉన్నాడు.

నీలిపెట్టె:
క్లారా అతని మనసులో ఉంటుంది బ్రో, బోర్డు వైపు తిరిగి నిలబడి ఉంటుంది. చివర్లో కాసేపు ముఖం కనిపిస్తుంది, దాన్ని కూడా లెక్కేస్తారా?

రంగులకోటు:
కనిపించిందా లేదా? కనిపించింది. మరి "మొత్తం ఒక్కడే" అని రాయకూడదు.

సోనిక్:
పాప్‌కార్న్ తెచ్చుకుంటున్నా 😄

పాతరీలు:
మీరందరూ షో మళ్లీ మొదలైన 2005 తర్వాత వచ్చిన వాళ్ల గురించే కొట్టుకుంటున్నారు కాబట్టి చెప్తున్నా, రెండో డాక్టర్ ప్యాట్రిక్ ట్రౌటన్‌ని చూడకుండా ఈ చర్చలో తీర్పు చెప్పే హక్కు ఎవరికీ లేదు. 1966లో మొదటి డాక్టర్ విలియం హార్ట్‌నెల్ ఆరోగ్యం పాడై తప్పుకున్నప్పుడు, హీరో మారినా అదే మనిషి అని జనం నమ్ముతారో లేదో ఎవరికీ తెలియదు. అప్పటిదాకా అలా చేసినవాడు లేడు. ట్రౌటన్ హార్ట్‌నెల్‌ని అనుకరించలేదు, పూర్తిగా వేరే మనిషిలా చేశాడు, అయినా డాక్టరే అనిపించాడు. అది ఫెయిలై ఉంటే మీ టెన్నంట్ లేడు, కపాల్డీ లేడు. ఆయన మొదటి కథ 'ద పవర్ ఆఫ్ ద డాలెక్స్' ఆరు భాగాలూ బీబీసీ దగ్గరే లేవు, టేపులు చెరిపేసుకున్నారు. ఆడియో మిగిలింది కాబట్టి 2016లో యానిమేషన్ చేశారు. గొంతు ఒక్కటే విన్నా మనిషి ఎలాంటివాడో తెలిసిపోతుంది.

రెండుగుండెలు:
వచ్చేసింది! "హక్కు". నేను టెన్నంట్‌తో మొదలుపెట్టాను కాబట్టి అసలైన అభిమానిని కానని ఇదివరకు ఒక గ్రూపులో అందరి ముందూ అన్నారు. పాతవి ఎన్ని చూశావని లెక్క అడిగారు, పరీక్ష పెట్టినట్టు. నేను ఆ గ్రూపులోంచి బయటికొచ్చాను కానీ ఆ మాట గుర్తుండిపోయింది. చెరిపేసిన ఎపిసోడ్లు నేనెక్కడ చూడాలి సార్?

పాతరీలు:
నేను మిమ్మల్ని అనలేదమ్మా. ఉన్నవి చూడమంటున్నాను, అంతే.

రెండుగుండెలు:
"హక్కు లేదు" అన్నది ఎవరు మరి? నేనా?

ఊరకేచూస్తా:
టామ్ బేకర్ పేరు ఇంకా రాలేదేంటి, ఏడేళ్లు చేశాడు, అందరికంటే ఎక్కువ.

నీలిపెట్టె:
ఎక్కువకాలం చేస్తే గొప్ప అయిపోరు. నేను అడిగింది నటన. పాతరీలు గారూ, ట్రౌటన్ షోని నిలబెట్టాడు, ఒప్పుకుంటా, కానీ మొదట వచ్చాడు కాబట్టి గొప్ప అనడం వాదన కాదు. రంగులకోటు గారు క్లారా ముఖం దగ్గరే ఆగిపోయారు, సరే, "దాదాపు ఒక్కడే" అని చదువుకోండి. ఇప్పుడైనా పేరు చెప్తారా?

రంగులకోటు:
చెప్తాను. కాలిన్ బేకర్.

సోనిక్:
😂😂

రంగులకోటు:
నవ్వండి. నా ఐడీ చూసినా అర్థం కాలేదా? క్లారా దగ్గర ఎందుకు పట్టుబట్టానో ఇప్పుడు చెప్తా. 'హెవెన్ సెంట్' రాసింది స్టీవెన్ మొఫాట్, తీసింది రేచెల్ టాలలే, సంగీతం మరే గోల్డ్. మీరు మాత్రం మార్కులన్నీ కపాల్డీకి వేశారు. సరే, అదే లెక్క కాలిన్ బేకర్ దగ్గర చూడండి. 1984లో మొదటి కథలోనే డాక్టర్ చేత తనతో తిరిగే పెరీ గొంతు పిసికించారు, అది స్క్రిప్టు. కళ్లు చెదిరే ఆ రంగురంగుల కోటు వేయించారు, అది నిర్మాత ఇష్టం. 1985లో ఒక్క సీజన్ అవగానే షోనే 18 నెలలు ఆపారు, అది బీబీసీ నిర్ణయం. 1986లో ఉద్యోగం పోయింది ఎవరిది? నటుడిది. రూపం మారే సీనుకి ఆయన రానంటే, తర్వాత వచ్చిన సిల్వెస్టర్ మెకాయ్‌కే విగ్గు పెట్టి కానిచ్చారు. అదే మనిషి తర్వాత బిగ్ ఫినిష్ అనే కంపెనీ ఆడియో కథల్లో మంచి రాత పడగానే ఎంత గొప్పగా చేశాడో వినండి. మంచి ఎపిసోడ్ అయితే నటుడి గొప్ప, చెత్త ఎపిసోడ్ అయినా నటుడి తప్పేనా?

రెండుగుండెలు:
ఇది మాత్రం నిజం. డాక్టర్‌గా చేసిన జోడీ విటకర్‌కి జరిగిందీ ఇదే. డాక్టర్ పుట్టుకనే మార్చిన 2020 కథ రాసింది క్రిస్ చిబ్నాల్, తిట్లు మాత్రం ఆవిడకి.

నీలిపెట్టె:
రాతే అంతా అయితే ఇక నటులెందుకు, స్క్రిప్టుల మీదే ఓటు పెట్టుకుందాం. మంచి నటుడు చెడ్డ రాతని కూడా మోస్తాడు. 2014లో కపాల్డీకి 'కిల్ ద మూన్' పడింది, చంద్రుడు గుడ్డట! అందులో కూడా అతను కనిపించిన ప్రతి సీనూ నిలబడింది.

రంగులకోటు:
'కిల్ ద మూన్' తర్వాత ఏడాది కపాల్డీకి 'హెవెన్ సెంట్' ఇచ్చారు. కాలిన్ బేకర్‌కి ఏమిచ్చారు?

నీలిపెట్టె:
అది అన్యాయమే, కాదనను. కానీ జరిగిన అన్యాయానికి ఓటు వేయలేను కదా, తెర మీద కనిపించినదానికే వేస్తాను.

రంగులకోటు:
తెర మీద కనిపించేది ఏమిటో ఎవరు నిర్ణయించారు అన్నదే నా ప్రశ్న, మీరు దాన్ని తప్పించుకుంటున్నారు.

పాతరీలు:
రెండుగుండెలు గారూ, ట్రౌటన్‌వి పూర్తిగా ఉన్నవి చెప్తాను. 'ద టూంబ్ ఆఫ్ ద సైబర్‌మెన్', నాలుగు భాగాలు. 'ద వార్ గేమ్స్', పది. ముందు 'ది ఎనిమీ ఆఫ్ ద వరల్డ్' చూడండి, 2013లో నైజీరియాలో దొరికిందని బయటపెట్టారు. అందులో డాక్టరూ ఆయనే, విలనూ ఆయనే.

రెండుగుండెలు:
చూస్తాను. చూసొచ్చాక కూడా టెన్నంటే అంటాను, అప్పుడు కొత్త రూలు పెట్టకండి.

రంగులకోటు:
మొదటిదిగా 'ఎనిమీ' ఇవ్వకండి, అందులో సగం సేపు డాక్టరే ఉండడు. 'టూంబ్' చూడండి.

పాతరీలు:
విలన్‌గా ఉన్నదీ ట్రౌటనే కదండీ!