ఆర్ట్స్ కాలేజీ బిల్డింగ్ క్రెడిట్ ఎవరిది? జాస్పర్‌దా, జైన్ యార్ జంగ్‌దా?

తార్నాక_పాతకాపు:
మా బ్యాచ్ సావనీర్ కోసం ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ మీద ఒక పేజీ రాస్తున్న. ఆర్కిటెక్ట్ బెల్జియం ఆయన ఎర్నెస్ట్ జాస్పర్ అని రాసినందుకు మా వాట్సాప్ గ్రూపుల పెద్ద లొల్లి అయింది. జాస్పర్ పని నడుమనే ఇడిసిపెట్టి పోయిండు, పూర్తి చేసింది నవాబ్ జైన్ యార్ జంగ్, ఆయన పేరే రాయాలె అని సగం మంది పట్టుబట్టిన్రు. మీరేమంటరు?

నీలిగీతలు:
నేను ఆర్కిటెక్చర్ చదివానండి, నా ఓటు జాస్పర్‌కే. హైదరాబాద్ రాకముందే ఆయన కైరోలో హీలియోపొలిస్ ప్యాలెస్ హోటల్ కట్టాడు, అది 1910లో ఓపెన్ అయింది, ఇప్పుడు ఈజిప్ట్ ప్రెసిడెంట్ ప్యాలెస్ అదే. కైరోలోనే సుల్తాన్ హసన్ మసీదు ఉంది, 14వ శతాబ్దం నాటిది, దాని ద్వారం ఫోటో, మన ఆర్ట్స్ కాలేజీ ముందు వైపు ఫోటో పక్కపక్కన పెట్టి చూడండి, మీకే తెలుస్తుంది. పైన ప్లాన్ గీసినవాడే ఆర్కిటెక్ట్, తర్వాత సైట్ చూసుకున్నవాళ్ల పని ఎంత గొప్పదైనా అది వేరే పని.

ఆదిక్‌మెట్_అన్న:
అక్కా, మెట్లెక్కి లోపలికి పోయినవా ఎప్పుడన్న? బయట అంత పెద్ద కమాను, నిజమే, కైరో యాదికొస్తది. కానీ లోపల ఆ స్తంభాలు చూడు. అవి అజంతా ఎల్లోరా గుహల స్తంభాల తీరు. అవి కైరోలెక్కడున్నయ్? అప్పుడు ఎల్లోరా, అజంతా రెండూ హైదరాబాద్ రాజ్యంలనే ఉండె, ఔరంగాబాద్ దిక్కు. నిజాం సర్కారు 1914ల ఆర్కియాలజీ డిపార్ట్‌మెంట్ పెట్టి గులాం యజ్దానీకి అప్పజెప్పింది, అజంతా బొమ్మలు కాపాడనీకి 1920లల్ల ఇటలీ నుంచి మనుషులను పిలిపించింది. అంటే మన గుహలు మనకెంత విలువైనయో ఇక్కడోళ్లకు ముందే తెలుసు. గుహ స్తంభం మీద కమాను నిలబెట్టాలన్న ఆలోచన ఈ నేల తెలిసినోళ్లదే అని నా గట్టి నమ్మకం.

ఇంకోటి, జైన్ యార్ జంగ్‌ను ఉత్త సైట్ ఇంజినీర్ అనుడు అన్యాయం. ఆయనను, సయ్యద్ అలీ రజాను సర్కారు దేశదేశాల యూనివర్సిటీలు చూసి రమ్మని పంపింది, యూరప్, అమెరికా, జపాన్ అన్నీ తిరిగిన్రు, ఆ తిరుగుడులనే జాస్పర్ దొరికిండు. ఎట్లాంటి బిల్డింగ్ కావాలెనో తెలిసినోడే మనిషిని ఎంచుకుంటడు గదా.

నీలిగీతలు:
స్తంభాల సంగతి ఒప్పుకుంటా అన్నా, అది బలమైన పాయింటే. కానీ రెండు మూడు శైలులు కలపమని చెప్పడం వేరు, అవి ఒకదాన్నొకటి మింగెయ్యకుండా కలపడం వేరు. 1920 ప్రాంతంలో విన్సెంట్ ఎష్ కట్టిన హైకోర్టు, ఉస్మానియా హాస్పిటల్, సిటీ కాలేజీ చూడండి, అవి కూడా కలగలుపే, చాలా అందమైనవి. కానీ వాటిలో గోపురాలు, ఛత్రీలు ముందు కళ్లల్లో పడతాయి. ఆర్ట్స్ కాలేజీలో అలా కాదు, పింక్ గ్రానైట్ గోడలు తిన్నగా, గంభీరంగా పోతాయి, అలంకారం అంతా కావలసిన చోటే ఆగుతుంది, సాయంత్రం ఎండలో ఆ రాయి రంగు మారుతుంటే లాండ్‌స్కేప్ గార్డెన్ వైపు నుంచి చూస్తూ కూర్చున్న రోజులు నాకున్నాయి. ఆ నిగ్రహం గీసిన చేతిదే.

సీనియర్_1969:
నేను ఆ మెట్ల మీద 69ల కూసున్నోణ్ణి, మళ్ల 2009ల నా బిడ్డ అక్కడ్నే కూసున్నది. ఒక మాట. 1934 జులై 5న పునాది రాయి పడ్డది, 1939 డిసెంబర్ 4న నిజాం ఓపెన్ చేసిండు. అన్ని ఏండ్లు ఆ గ్రానైట్ చెక్కినోళ్ల ముచ్చట ఇద్దరిల ఒక్కరన్న తీసిన్రా? గ్రానైట్ మెత్తటి రాయి గాదు బిడ్డా, ఉలి ఊకె ఆగుతది, దాంట్ల అంత నున్నటి కమాను తెచ్చుడు కాయిదం మీద గీత గీసినంత అలక గాదు.

తార్నాక_పాతకాపు:
పెద్దన్నా, ఆ వాక్యం పేజీల మొదటనే పెడ్త. కింద "డిజైన్: ఎర్నెస్ట్ జాస్పర్, జైన్ యార్ జంగ్" అని రాసి, సయ్యద్ అలీ రజా టూర్ సంగతి ఒక పేరా రాస్త.

ఆదిక్‌మెట్_అన్న:
జైన్ యార్ జంగ్ పేరు ముందు రాయి తమ్మీ.

నీలిగీతలు:
నేను ఒప్పుకోను అన్నా 🙏 రేపు పొద్దున వాకింగ్‌కి ఎన్‌సీసీ గేట్ దగ్గరికి రండి, ఆ ద్వారం ముందే నిలబడి మాట్లాడుకుందాం.