4కె మానిటర్ పెట్టాక మౌస్ గెంతుతోంది, ఎవరికైనా ఇలా అయిందా?

సిక్కోలు_ఆల్బమ్స్: ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాం. 27 అంగుళాల 4కె మానిటర్ తెచ్చి పాత ల్యాప్‌టాప్‌కి హెచ్‌డీఎంఐతో తగిలించాం. బొమ్మ బ్రహ్మాండంగా ఉంది గానీ మౌస్ ఆగి ఆగి గెంతుతోంది, ఫొటోషాప్‌లో ఫొటో జరిపితే అది తీరిగ్గా వెనకాల వస్తోంది. అమ్మినాయన్ని అడిగితే ర్యామ్ పెంచమంటున్నాడు. ముహూర్తాలు దగ్గరికొచ్చేశాయి, టెన్షన్‌గా ఉంది.

గంటస్తంభం_గురుడు: ర్యామ్ జోలికి పోకండి. సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే. రిఫ్రెష్ రేటు, అంటే బొమ్మ సెకనుకి ఎన్నిసార్లు మారుతుందో, ఎంతుంది?

సిక్కోలు_ఆల్బమ్స్: 30 హెర్ట్జ్. లిస్టులో అంతకు మించి లేదు. రిజల్యూషన్ 1080కి దించితే 60 వస్తోంది.

గంటస్తంభం_గురుడు: అయితే మీది హెచ్‌డీఎంఐ 1.4 పోర్టు అయ్యుంటుంది. దాని కెపాసిటీ సెకనుకి 10.2 గిగాబిట్లు, 3840×2160ని సెకనుకి 30 సార్లు పంపేసరికే అయిపోతుంది. 60 కావాలంటే 18 గిగాబిట్ల 2.0 ఉండాలి. ఇంటెల్ ఆరో తరం, ఏడో తరం ల్యాప్‌టాప్‌లు చాలావాటిది ఇదే గతి. పెట్టె మీద 4కె అని పెద్దక్షరాలతో వేస్తారు, ఎన్ని హెర్ట్జ్ దగ్గరో మాత్రం వేయరు, అది మనమే వెతుక్కోవాలి.

చీపురుపల్లి_డెవ్: మానిటర్ మెనూ కూడా ఓసారి చూడండి, కొన్నింట్లో హెచ్‌డీఎంఐ 1.4, 2.0 అని ఆప్షన్ ఉంటుంది, 1.4 మీద ఉంటే 60 కనబడదు. కేబుల్ మీద నాకు అనుమానం లేదు, నాసిరకం కేబుల్ అయితే 60 పెట్టగానే చుక్కలు మెరుస్తాయి, లేదా స్క్రీన్ నల్లబడి మళ్లీ వస్తుంది.

సిక్కోలు_ఆల్బమ్స్: మెనూలో 2.0 మీదే ఉందండి.

పాలకొండ_రోడ్: టైప్-సి ఉందా అన్నా? పక్కన డీపీ (డిస్‌ప్లేపోర్ట్) గుర్తు గానీ మెరుపు (థండర్‌బోల్ట్) గుర్తు గానీ ఉంటే బొమ్మ వస్తుంది. గుర్తు లేకపోయినా కొన్నింట్లో వస్తుంది, మోడల్ నంబరు కొట్టి కంపెనీ సైటులో చూడు.

సిక్కోలు_ఆల్బమ్స్: చూశా. టైప్-సి, డిస్‌ప్లేపోర్ట్ 1.2 అని ఉంది!

పాలకొండ_రోడ్: పనైపోయింది. టైప్-సి నుంచి డిస్‌ప్లేపోర్ట్‌కి నేరుగా వెళ్లే కేబుల్ కొను, 4కె 60 వస్తుంది. ఫోన్ ఛార్జింగ్ వైరు పనికిరాదు. హబ్ కొనకు, యూఎస్‌బీ 3 ఉన్న హబ్ సగం లైన్లు దానికే వాడేస్తుంది, 1.2తో మళ్లీ 30కే వస్తావు.

బొబ్బిలి_మ్యాక్: మ్యాక్ వాళ్లకి ఒక మాట. ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్‌కి బయటి మానిటర్ ఒక్కటే, 6కె దాకా నడుపుతుంది గానీ రెండోది ఒప్పుకోదు. డిస్‌ప్లేలింక్ (బొమ్మని యూఎస్‌బీ మీదుగా పంపే చిప్పు) లేని డాక్‌కి రెండు హెచ్‌డీఎంఐలున్నా రెండింటిలో ఒకే బొమ్మ.

సిక్కోలు_ఆల్బమ్స్: కేబుల్ వచ్చింది, 60 పడింది, మౌస్ జారిపోతోంది. అందరికీ థాంక్స్. ఇప్పుడు అక్షరాలు చీమల్లా ఉన్నాయి, రిజల్యూషన్ దించాలా?

గంటస్తంభం_గురుడు: దించితే 4కె కొన్నదెందుకు మాస్టారూ. అదే డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో స్కేల్ 150 శాతం పెట్టండి, అక్షరాలు పెద్దవవుతాయి.