పౌర సంఘాలకి డిజిటల్ శిక్షణ: యాప్‌లు నేర్పించినా ఎవరూ వాడట్లేదు, ఎక్కడ మొదలుపెట్టాలి?

కొత్తవంతెన:
అందరికీ నమస్కారం. చిన్న చిన్న పౌర సంఘాలకి డిజిటల్ టెక్నాలజీ వాడటం నేర్పించే పని నాకు అప్పగించారు. తాగునీటి కోసం కొట్లాడేవాళ్లు, వికలాంగుల హక్కుల సంఘం, మహిళా బృందాలు, బడుల పరిస్థితి మీద పనిచేసేవాళ్లు, ఇలా రకరకాలుగా ఉన్నారు. ఇంతకుముందు వీళ్లకి వేరేవాళ్లు ఒక శిక్షణ ఇచ్చారు. హాల్లో ప్రొజెక్టర్ పెట్టి వరసగా బోలెడు యాప్‌లు చూపించారట, సోషల్ మీడియా అన్నారు, సర్వే అన్నారు, మ్యాపింగ్ అన్నారు, ఆన్‌లైన్ పిటిషన్ అన్నారు, అందరూ రాసుకున్నారు, గ్రూప్ ఫొటో దిగారు. ఇప్పుడు నేను ఫోన్ చేసి కనుక్కుంటే ఒక్క సంఘం కూడా వాటిలో దేన్నీ వాడట్లేదు. వాట్సాప్ గ్రూప్ మాత్రం ఉంది, అందులో మీటింగ్ ఫొటోలు, శుభాకాంక్షలు తప్ప ఇంకేం లేవు.

వాళ్లకి ఆసక్తి లేదంటే నేను ఒప్పుకోను. వీధి వీధీ తిరిగి సంతకాలు సేకరించే మనుషులు వాళ్లు. అధికారి రేపు రమ్మంటే రేపు వెళ్తారు, ఎల్లుండి రమ్మంటే ఎల్లుండీ వెళ్తారు. అంత ఓపిక ఉన్నవాళ్లకి ఒక ఫారం నింపడం పట్టుబడకపోవడం ఏంటి? లోపం నేర్పే పద్ధతిలోనే ఉందనిపిస్తోంది. ఇలాంటి శిక్షణ ఇచ్చినవాళ్లు గానీ, తీసుకున్నవాళ్లు గానీ ఉంటే చెప్పండి. ఏ యాప్ మంచిదని అడగట్లేదు, మొదటి రోజు పొద్దున్నే వాళ్లతో ఏం మాట్లాడాలి అన్నదే నా ప్రశ్న.

నడకదారి:
యాప్ పేరు చివర్లో చెప్పండి. మొదటి పూటంతా ఒక్క విషయం మీదే కూర్చోండి: మీరు సేకరించే సమాచారం ఎవరి చేతిలో పెడతారు, ఆ మనిషికి దాని మీద ఏమైనా చేసే అధికారం ఉందా? దీనికి జవాబు దొరక్కుండా సర్వే చేస్తే ఆ లెక్కలు ఫోన్‌లోనే ఉండిపోతాయి, చేసినవాళ్లకి నీరసం వచ్చి ఇంకోసారి రారు.

బ్రిటన్‌లో మైసొసైటీ అనే సంస్థ 2007లో ఫిక్స్‌మైస్ట్రీట్ అని ఒక సైట్ మొదలుపెట్టింది. రోడ్డు మీద గుంత, వెలగని వీధి దీపం, ఏదైనా సరే మ్యాప్ మీద చోటు చూపించి రాస్తే చాలు, ఆ చోటు ఏ కౌన్సిల్ (అక్కడి స్థానిక సంస్థ) కిందికి వస్తుందో సైటే చూసుకుని వాళ్లకే పంపిస్తుంది. ఫిర్యాదు అందరికీ కనిపించేలా అక్కడే ఉంటుంది. చూడటానికి చిన్న సంగతే గానీ మామూలు మనిషి అలసిపోయేది ఆ చిరునామా వెతుక్కోవడం దగ్గరే. మీ సంఘాల చేత ముందు ఆ చిరునామా రాయించండి, ఏ ఆఫీసు, ఏ సెక్షన్, అక్కడ పని జరగకపోతే పైన ఎవరు అని.

తర్వాత ప్రశ్నలు. ఇక్కడ మాత్రం తొందరపడొద్దు. తాగునీటి సంఘంవాళ్లని ఫారం రాయమంటే దాదాపు అందరూ మొదట "నీళ్లు సరిగా వస్తున్నాయా?" అనే రాస్తారు. 'సరిగా' అంటే ఒకరికి ఒకటి, ఇంకొకరికి ఇంకొకటి. దాన్ని తీసేసి "నిన్న నీళ్లు వచ్చాయా? ఎన్నింటికి మొదలయ్యాయి, ఎన్నింటికి ఆగాయి?" అని వాళ్ల చేతే మార్పించండి. ఆ మార్పు ఎందుకో అర్థమైన రోజున సగం శిక్షణ అయిపోయినట్టే. నా లెక్కలో ఒక పేజీ దాటిన ఫారం పనికిరాదు, గుమ్మంలో నిలబడ్డ మనిషి అంతసేపు ఆగరు.

అప్పుడు ఫోన్ తీయించండి. ఫోన్‌లో సర్వే ఫారాలు నింపడానికి కోబోటూల్‌బాక్స్ అని ఒక పనిముట్టు ఉంది, అందులో అయితే ఖాళీ ఫారం ముందే దించుకుంటే నెట్ లేకపోయినా నింపొచ్చు, సిగ్నల్ వచ్చాక పంపొచ్చు. ఫారంలో జీపీఎస్ పాయింట్ అడిగితే ఎన్ని మీటర్ల తేడా ఉండొచ్చో తెర మీద కనిపిస్తుంది. మొదట్లో అంకె పెద్దగా ఉంటుంది, ఆరుబయట కాసేపు ఆగితే తగ్గుతూ వస్తుంది. ఆగకుండా నొక్కేస్తే మీ కుళాయి పక్క వీధిలో తేలుతుంది, ఆ ఒక్క తప్పు చూపించి మొత్తం సర్వేని కొట్టిపారేస్తారు. అందుకే దీన్ని హాల్లో కూర్చోబెట్టి చెప్పొద్దు, బయటికి తీసుకెళ్లి అసలు కుళాయి ముందు నిలబెట్టి చేయించండి.

పటంగీత:
నడకదారి గారి మాటకి ఇంకొంచెం కలుపుతాను. 2009లో కెన్యాలో మ్యాప్ కిబెరా అనే పని మొదలైంది. నైరోబీలో అంత పెద్ద బస్తీ, పటాల్లో చూస్తే ఇంచుమించు ఖాళీ. అక్కడి కుర్రాళ్లూ అమ్మాయిలే జీపీఎస్ పట్టుకుని నీళ్లు దొరికే చోట్లు, మరుగుదొడ్లు, బడులు, ఆసుపత్రులు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే, ఎవరైనా చేర్చగలిగే ఆన్‌లైన్ పటంలోకి ఎక్కించారు. బయటివాళ్లు వచ్చి గీసిపెడితే పని తొందరగానే అయ్యేదేమో, కానీ ఆ పటం వీళ్లది అయ్యేది కాదు.

అంతకు ముందే, 2007 డిసెంబర్ ఎన్నికల తర్వాత అదే దేశంలో గొడవలు చెలరేగినప్పుడు, ఉషాహిది అనే వెబ్‌సైట్ వచ్చింది. జనం ఎస్సెమ్మెస్‌లోనూ ఇంటర్నెట్‌లోనూ పంపిన కబుర్లని మ్యాప్ మీద పెట్టేవాళ్లు. 2010 హైతీ భూకంపంలోనూ దాన్ని వాడారు, 4636 అనే నంబర్‌కి మెసేజ్ పెడితే చాలు, క్రియోల్ భాషలో వచ్చినవాటిని వాలంటీర్లు ఎక్కడెక్కడినుంచో కూర్చుని అనువదించారు. మీరు నేర్పేవాళ్లకి ఇందులో చూపించాల్సింది ఒకటుంది. సమాచారం ఇచ్చేవాళ్లకి మామూలు ఫోన్, సొంత భాష చాలు, కష్టమంతా అందుకునేవైపు ఉంటుంది. వచ్చిన మెసేజ్ నిజమా, ఇదే విషయం ముందు వచ్చిందా, చోటు ఎక్కడ, ఇవన్నీ ఒక మనిషి కూర్చుని తేల్చాలి. శిక్షణల్లో అందరికీ ఫారం నింపడం నేర్పుతారు గానీ ఆ కూర్చునే మనిషిని ఎవరూ తయారు చేయరు.

తాళంచెవి:
భద్రత గురించి ఇంతవరకు ఎవరూ ఎత్తలేదు కాబట్టి కాస్త గట్టిగానే చెప్తాను. దాన్ని చివరి రోజు ఆఖరి గంటకి తోసేస్తారు, అప్పటికి సగం మంది బస్సు టైమ్ చూసుకుంటుంటారు. అలా చేయకండి. మొదటి ఫొటో తీయించేటప్పుడే చెప్పాలి.

ఫొటోతో మొదలుపెట్టండి. ఫోన్‌తో తీసిన ఫొటో ఫైల్లో ఎప్పుడు తీశారు, లొకేషన్ ఆన్‌లో ఉంటే ఎక్కడ తీశారు అన్న వివరాలు దాగి ఉంటాయి. వాట్సాప్‌లో మామూలుగా ఫొటోలా పంపితే ఆ వివరాలు పోతాయి, అదే డాక్యుమెంట్‌గా పంపితే ఉండిపోతాయి. ఇది రెండువైపులా పనికొచ్చే సంగతి: కూలిన బడి గోడకి సాక్ష్యం కావాలంటే ఆ వివరాలు ఉంచుకోవాలి, ఇంట్లో దెబ్బలు తిన్న మనిషి ఫొటో అయితే అవే ఆమె ప్రాణం మీదికి తెస్తాయి. ఒకే ఫొటోని రెండు రకాలుగా పంపించి, ప్రాపర్టీస్ తెరిచి వాళ్ల కళ్లతో చూడనివ్వండి. నోటితో ఎంత చెప్పినా అంతగా ఎక్కదు. ముఖాలు మసక చేయడానికి సిగ్నల్ అనే మెసేజింగ్ యాప్‌లోనే వీలుంది, అదీ చూపించండి.

అకౌంట్లు ఇంకో పెద్ద తలనొప్పి. చాలా సంఘాల పేజీ, మెయిల్, సర్వే డేటా అంతా ఒక్క కుర్రాడి ఫోన్‌లో, అతని సొంత ఐడీ మీద ఉంటాయి. అతనికి ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాక పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు. అకౌంట్ సంఘం పేరు మీద తెరిపించండి, వీలున్న చోట ఇద్దరిని అడ్మిన్లుగా పెట్టించండి, టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో రుజువు కూడా అడిగేది) శిక్షణలోనే మీ ముందే ఆన్ చేయించండి. ఇంటికెళ్లి చేసుకుంటామంటే చేయరు.

మహిళా బృందాలున్నాయన్నారు కాబట్టి ఇంకోటి. ఆ ఫోన్ ఆమె ఒక్కదానిదే అని అనుకోవద్దు, ఇంట్లో నలుగురు వాడే ఫోన్ కావచ్చు. ఏ టైంలో మెసేజ్ పెట్టొచ్చు, ఏది ఫోన్ చేసే చెప్పాలి అని ముందే ఆమెనే అడగండి. అవసరం లేని పేరు, నంబర్ ఫారంలో అసలు అడగొద్దు. మన దగ్గర లేని వివరం ఎవరూ ఎత్తుకుపోలేరు.

రెండోమాట:
అన్నీ బాగానే ఉన్నాయి గానీ, ఈ థ్రెడ్ మొత్తం ఫిర్యాదులు, డేటా దగ్గరే తిరుగుతోంది. పౌర భాగస్వామ్యం అంటే అంతేనా? జనం కలిసి మాట్లాడుకుని ఒక నిర్ణయానికి రావడం కూడా అందులోదే, దానికి పనిముట్లు వేరే ఉన్నాయి.

తైవాన్‌లో 2015లో ఉబర్ ట్యాక్సీలకి ఎలాంటి నియమాలు ఉండాలో తేల్చడానికి పోలిస్ అనే ఆన్‌లైన్ పనిముట్టు వాడారు. అందులో మీ అభిప్రాయం ఒక వాక్యంగా రాయొచ్చు, ఇతరుల వాక్యాలకి ఒప్పుకుంటాననో, ఒప్పుకోననో నొక్కొచ్చు, లేదంటే దాటేయొచ్చు. ఎదురు జవాబు రాసే వీలు మాత్రం లేదు! దాంతో ఒకళ్లనొకళ్లు తిట్టుకోవడానికి చోటుండదు, ఎవరెవరు ఎక్కడ కలుస్తున్నారో గుంపులుగా బొమ్మ కట్టి చూపిస్తుంది. వాట్సాప్ గ్రూపుల్లో గట్టిగా అరిచే ముగ్గురి వల్ల మిగతావాళ్లు నోరు విప్పని పరిస్థితి ఎంత మామూలో మనందరికీ తెలుసు. ఆ మిగతావాళ్ల మాట బయటికి రావాలంటే ఇలాంటిది ఒక్కసారైనా వాళ్లకి చూపించాలి.

బార్సిలోనా నగరం 2016లో జనం ప్రతిపాదనలు పెట్టి చర్చించే డిసిడిమ్ అనే ఆన్‌లైన్ వేదిక మొదలుపెట్టినప్పుడు ఆన్‌లైన్‌తో పాటు మనుషులు ఎదురుబదురుగా కూర్చునే సభలు కూడా పెట్టింది, అక్కడ వచ్చిన ప్రతిపాదనల్నీ అందులోకి ఎక్కించారు. నాకు బాగా నచ్చింది అదే. ఫోన్ లేని మనిషి మాట కూడా అదే జాబితాలో చేరాలి.

వికలాంగుల సంఘం గురించి ఒక మాట, దయచేసి పక్కన పెట్టకండి. స్కాన్ చేసిన కాగితాన్ని పీడీఎఫ్‌గా పంపితే అది ఉత్త బొమ్మ, చూపు లేనివాళ్లకి తెర మీదున్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ దాన్ని సరిగా చదవలేకపోతుంది. మీ శిక్షణ కాగితాలు టైప్ చేసిన అక్షరాల్లో పంపండి, బొమ్మ పెడితే కింద దాన్ని మాటల్లో రాయండి, వీడియోకి సబ్‌టైటిల్స్ వేయండి. హక్కుల గురించి నేర్పే శిక్షణే వాళ్లకి అందకపోతే చాలా బాధగా ఉంటుంది.

కొత్తవంతెన:
ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ థాంక్స్ అండి. శిక్షణ మొత్తాన్ని తిరగేస్తున్నాను. అన్ని సంఘాలనీ ఒకే హాల్లో కూర్చోబెట్టే ఆలోచన మానేశాను, ముందు తాగునీటివాళ్లతో మొదలుపెడతాను, వాళ్ల దగ్గర అడగాల్సిన విషయం స్పష్టంగా ఉంది. ఇంకో రెండు సందేహాలు. శిక్షణ అయ్యాక ఎంతవరకు వెంట ఉండాలి? ఒక్కో సంఘం నుంచి ఎవర్ని పిలవాలి, ఫోన్ బాగా తెలిసిన కుర్రాళ్లనా, సమస్య తెలిసిన పెద్దవాళ్లనా?

నడకదారి:
ఇద్దరినీ జంటగా పిలవండి, ఒకే ఫారం మీద కలిసి పనిచేయించండి. ఫోన్ ఒక్కటే తెలిసిన మనిషి అనవసరమైనవన్నీ అడుగుతాడు, సమస్య ఒక్కటే తెలిసిన మనిషి కాగితం మీదే ఆగిపోతాడు. వెంట ఉండటం అంటారా, రోజులు లెక్కపెట్టొద్దు. వాళ్లు సేకరించిన సమాచారంతో ఒక అర్జీ వెళ్లాలి, దానికి అవుననో కాదనో జవాబు రావాలి, ఆ జవాబుని ఫారం నింపిన ఇళ్లకి తిరిగి వెళ్లి చెప్పాలి. అప్పటిదాకా ఉండండి. ఆఖరిది చాలామంది వదిలేస్తారు, రెండోసారి వెళ్తే తలుపు తీయనిది అందుకే.

కొత్తవంతెన:
తిరిగి వెళ్లి చెప్పడం నా ప్లాన్‌లో అసలు లేదు, ఇప్పుడే చేర్చాను. ఫారం ప్రశ్నలు తయారయ్యాక ఇక్కడే పెడతాను, మొహమాటం లేకుండా చెప్పండి.

తాళంచెవి:
తప్పకుండా చూస్తాం. ఖాళీ ఫారం మాత్రమే పెట్టండి, ట్రయల్ కోసం ఎవరి వివరాలైనా నింపి ఉంటే అవి తీసేశాకే.