ఫ్రాంప్టన్ కమ్స్ అలైవ్‌లో మూడు స్టూడియో అతుకులు: దాన్ని లైవ్ ఆల్బమ్ అనొచ్చా?

పాతటేపు (చర్చ మొదలుపెట్టినవారు)

హంబుల్ పై బ్యాండ్ వదిలి సోలోగా వచ్చాక ఇంగ్లీషు గిటారిస్టు, గాయకుడు పీటర్ ఫ్రాంప్టన్ చేసిన నాలుగు స్టూడియో ఆల్బమ్‌లు ఓ మాదిరిగా పోయాయి. 1976 జనవరిలో వచ్చిన ఈ లైవ్ డబుల్ ఆల్బమ్ (రెండు డిస్కులది) మాత్రం అమెరికా చార్టులో మొత్తం 10 వారాలు మొదటి స్థానంలో కూర్చుంది. లైవ్ రికార్డు అనగానే ఇప్పటికీ అందరూ దీన్నే చూపిస్తారు.

అయితే మూడు చోట్ల స్టూడియోలో సరిచేశామని ఫ్రాంప్టనే చెప్పాడు. 'సంథింగ్స్ హ్యాపెనింగ్' మొదటి చరణంలో గాత్రం, 'షో మీ ద వే'లో రిథమ్ ఎలక్ట్రిక్ గిటార్, 'ఐ వానా గో టు ద సన్' మొదట్లో వచ్చే పియానో. మిగతాదంతా వేదిక మీద పాడిందీ వాయించిందే అన్నాడు.

నా అభ్యంతరం ఆ మొదటిదాని మీద. 'సంథింగ్స్ హ్యాపెనింగ్' ఈ ఆల్బమ్‌లో మొట్టమొదటి పాట. జనం హోరు వినిపిస్తుంది, బ్యాండ్ అందుకుంటుంది, ఆ వెంటనే వినపడే గొంతు ఆ రాత్రిది కాదు. శ్రోతకి 'నువ్వు ఆ హాల్లో ఉన్నావు' అని నమ్మకం కుదిరేది సరిగ్గా అక్కడే. ఇలాంటి మరమ్మతు ఉంటే కవరు మీద చెప్పి తీరాలి, లేదంటే 'లైవ్' అన్న మాట వాడకూడదు. మీరేమంటారు?

కన్సోల్_వెనక

పాతటేపు గారూ, మూడింటినీ ఒకే గాటన కట్టకండి. రిథమ్ గిటార్ సంగతి పూర్తిగా వేరు. దానికి ఫ్రాంప్టన్ ఇచ్చిన కారణం సూటిగా ఉంది: ఆ పాటకి టాక్ బాక్స్ (గిటార్ శబ్దాన్ని గొట్టంతో నోట్లోకి పంపే పరికరం) బయటికి వచ్చింది, ఇంజనీరు మైకు జరపడం మరిచిపోయాడు. అంటే వాయించారు, హాల్లో జనం విన్నారు, టేపు మీదకి మాత్రం సరిగా ఎక్కలేదు.

టాక్ బాక్స్ పనితీరు తెలిస్తే ఇలాంటి పొరపాటు ఎంత తేలిగ్గా జరుగుతుందో అర్థమవుతుంది. మామూలుగా గిటార్ ఆంప్ (ఆంప్లిఫయర్) నుంచి వచ్చే పవర్ స్పీకర్ క్యాబినెట్‌కి పోతుంది. క్యాబినెట్ గుడ్డకి రెండు మూడు అంగుళాల దూరంలో మైకు పెడతారు. టాక్ బాక్స్ స్విచ్ కాలితో నొక్కితే అదే పవర్ క్యాబినెట్‌ని వదిలేసి కంప్రెషన్ డ్రైవర్ అనే చిన్న స్పీకర్‌కి మళ్లుతుంది. డ్రైవర్‌కి బిగించిన ప్లాస్టిక్ గొట్టాన్ని మైకు స్టాండు వెంట పైదాకా టేపు చుట్టి తీసుకొస్తారు. దాని కొస గాయకుడి నోట్లో ఉంటుంది. గిటార్ శబ్దం నోట్లోకి వస్తే నాలుక, పెదాలు దాన్ని ఆ, ఓ, ఈ అంటూ అచ్చులుగా మలుస్తాయి. దాన్ని పట్టుకునేది గాత్రం మైకు. అంతసేపూ క్యాబినెట్ నోరు మెదపదు, దాని ముందున్న మైకులో డ్రమ్స్ లీకేజీ తప్ప ఏమీ ఉండదు.

అంటే ఒకే గిటార్ ఒక పాటలోనే రెండు వేర్వేరు మైకుల్లో తేలుతుంది. స్టేజీ మీద రెండు మూడు ఆంపులు, ఇద్దరు గిటారిస్టులు ఉన్నప్పుడు ఏ మైకు ఏ క్యాబినెట్ ముందుండాలో పాట పాటకీ చూసుకోవాలి. చీకట్లో, పాటకీ పాటకీ మధ్య పదిహేను సెకన్లలో. ఒక్కటి తప్పితే ఆ ట్రాక్ పోయినట్టే. టేపు మీద లేని గిటార్‌ని తెచ్చిపెట్టడాన్ని మోసం అనడం న్యాయం కాదు.

పాతటేపు

గిటార్ విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. మరి గాత్రానికి అలాంటి కారణమేదీ ఆయన చెప్పలేదే? చరణం బాగా రాలేదు కాబట్టి మళ్లీ పాడాడనే కదా అనుకోవాలి.

మూడోరీలు

గాత్రం మైకు మొదట్లో సరిగా అందకపోయి ఉండొచ్చు, లెవెల్ ఎక్కువై పగిలి ఉండొచ్చు, గొంతే తప్పి ఉండొచ్చు. కచేరీలో మొదటి పాటకే ఇలాంటివి ఎక్కువ. సౌండ్ చెక్ ఖాళీ హాల్లో చేస్తారు. జనం నిండాక హాలు శబ్దాన్ని పీల్చేస్తుంది, గాయకుడు కూడా ఉత్సాహంలో సాయంత్రం కంటే గట్టిగా పాడతాడు. రికార్డింగు ట్రక్కులో కూర్చున్న ఇంజనీరు ఆ తేడా చూసి ప్రీఆంప్ గెయిన్ (మైకు సిగ్నల్‌ని పెంచే మోతాదు) తగ్గించేసరికి ఒక చరణం గడిచిపోతుంది. లైవ్ ఆల్బమ్‌లో మొదటి పాట మొదటి చరణం మరమ్మతుకి వచ్చిందంటే నేను ముందు అనుమానించేది దీన్నే.

ఇంకో సంగతి. గాత్రం మార్చడం బయటినుంచి అనుకున్నంత సులువు కాదు. పాత గాత్రం ఒక్క ట్రాక్‌లోనే ఉండదు. మానిటర్లలోంచి (స్టేజీ మీద కళాకారుల వైపు ఉండే స్పీకర్లు) డ్రమ్స్ పైనున్న ఓవర్‌హెడ్ మైకుల్లోకి పోతుంది, జనం వైపు ఉండే పీఏ స్పీకర్లలోంచి ఆడియెన్స్ మైకుల్లోకి పోతుంది. శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది కాబట్టి పీఏకి 30 మీటర్ల దూరంలో వేలాడే మైకులో అది దాదాపు 87 మిల్లీసెకన్లు ఆలస్యంగా పడుతుంది. కొత్త గాత్రం పైన పెడితే పాతది వెనకాల దెయ్యంలా వినబడుతుంది. అక్షరం పొడవు, ఊపిరి తీసుకునే చోటు కొంచెం తేడా వచ్చినా ఇద్దరు పాడినట్టుంటుంది.

తప్పించుకోవడానికి ఉన్న దారులు రెండే. పాత గాత్రాన్ని హెడ్‌ఫోన్లలో వింటూ మాట మాటకీ అచ్చం అలాగే పాడటం ఒకటి. ఆ చరణం వరకు ఆడియెన్స్ మైకుల ఫేడర్లు (శబ్దం పెంచే, తగ్గించే మీటలు) కిందికి దించేయడం రెండోది. రెండో పని చేస్తే హాలు కుంచించుకుపోయినట్టు తెలిసిపోతుంది, అందుకని వేరే చోట నుంచి జనం చప్పుడు తెచ్చి కింద పరుస్తారు. ఇక పంచ్-ఇన్ (ఆ ముక్క దగ్గర మాత్రం మళ్లీ రికార్డు చేయడం) అదే ట్రాక్ మీద చేస్తే పాతది శాశ్వతంగా చెరిగిపోతుంది. అందుకే ఖాళీ ట్రాక్ ఉంటే కొత్తది దాని మీదే తీసి, మిక్స్‌లో ఒకదాని నుంచి ఇంకోదానికి మారతారు. ఇంత తతంగం ఉంది కాబట్టే తెలివైనవాళ్లు ఒక చరణం దగ్గర ఆగిపోతారు. మొత్తం పాట మార్చాలంటే డ్రమ్స్‌తో సహా మార్చాల్సి వస్తుంది.

బాస్‌లైన్

ఫ్రాంప్టన్‌ని నిలదీసేముందు అదే కాలం నాటి మిగతావి చూడండి. 1975 నాటి కిస్ బ్యాండ్ ఆల్బమ్ 'అలైవ్!' నిర్మాత ఎడ్డీ క్రేమర్. ఫ్రాంప్టన్ రికార్డింగులో పనిచేసిన ఇంజనీర్లలోనూ ఆయన ఉన్నాడు. కిస్ ఆల్బమ్‌లో స్టూడియో పని చాలా ఉందని తర్వాత బయటపడింది. 1978లో థిన్ లిజీ 'లైవ్ అండ్ డేంజరస్' విషయంలో నిర్మాత టోనీ విస్కాంటీ 75 శాతం స్టూడియోదే అంటాడు, బ్యాండ్ వాళ్లు 75 శాతం లైవ్ అంటారు. ఇప్పటికీ తేలలేదు. వాటి పక్కన ఒక చరణం, ఒక గిటార్, ఒక పియానో ఇంట్రో ఏపాటి? పైగా ఏ పాటలో ఏ ముక్కో తనే పేరుపెట్టి చెప్పాడు.

పాతటేపు

పక్కవాడు ఎక్కువ చేశాడని ఇతనిది తక్కువ కాదు కదండీ. చెప్పాడన్నది నిజమే, కానీ కవరు మీద కాదు. నా పట్టు అదే.

నల్లపళ్లెం

మీరంతా చిన్న ముక్కల దగ్గర ఆగిపోయారు. అసలు పెద్ద అతుకు వేరే ఉంది. ఇది ఒక రాత్రి కచేరీ కానే కాదు. ఎక్కువ భాగం 1975 జూన్‌లో శాన్ ఫ్రాన్సిస్కో వింటర్‌ల్యాండ్ హాల్లో తీసింది. లాంగ్ ఐలండ్‌లోని కమాక్ టేపులూ కలిశాయి. అందరూ ఇష్టపడే ఆ పొడుగు 'డూ యూ ఫీల్ లైక్ వి డూ' న్యూయార్క్ రాష్ట్రంలోని ప్లాట్స్‌బర్గ్ కాలేజీ హాల్లోది. వింటర్‌ల్యాండ్ నుంచి అక్కడికి ఖండం అడ్డంగా దాటాలి. అయినా వరసగా వింటే ఒకే సాయంత్రం, ఒకే జనం అనిపిస్తుంది. స్టూడియో చరణం కంటే ఇదే కదా పెద్ద కల్పన?

ఇలా ఎందుకైందంటే మొదట ఒక్క డిస్కే అనుకున్నారు. ఏ అండ్ ఎం రికార్డు కంపెనీ అధిపతి జెరీ మాస్ అది విని మిగతాది ఏదని అడిగాక డబుల్ ఆల్బమ్ అయింది, ఇంకొన్ని కచేరీలు రికార్డు చేశారు. డబుల్ అంటే నాలుగు వైపులు నింపాలి. వైపుకి ఇరవై, ఇరవై రెండు నిమిషాలు దాటితే గాడులు దగ్గరపడి, కటింగ్ లెవెల్ (గాడిలో చెక్కే శబ్దం మోతాదు) తగ్గించాల్సి వస్తుంది, బాస్ పలచబడుతుంది. నాలుగో వైపు చూడండి: 'లైన్స్ ఆన్ మై ఫేస్', 'డూ యూ ఫీల్', రెండే పాటలు, దాదాపు 21 నిమిషాలు. పాటల వరసని కచేరీతో పాటు పళ్లెం కొలత కూడా నిర్ణయించింది. 1973లో స్టూడియోలో ఏడు నిమిషాల లోపే ఉన్న 'డూ యూ ఫీల్' ఇక్కడ సుమారు 14 నిమిషాలు. మధ్యలో బాబ్ మేయో పేరు చెప్పి కీబోర్డు సోలోకి దారివ్వడం, ఆ తర్వాత టాక్ బాక్స్‌తో జనంతో 'మాట్లాడటం', ఏదీ కత్తిరించలేదు. అందుకు నాలుగో వైపులో ఎక్కువ భాగం దానికి ఇచ్చేయాల్సి వచ్చింది.

మూడోరీలు

నల్లపళ్లెం గారి లెక్కకి ఇంకో లెక్క కలుపుతాను. 2,500 అడుగుల టేపు రీలు సెకనుకి 30 అంగుళాల వేగంతో తిప్పితే 16 నిమిషాల 40 సెకన్లకి అయిపోతుంది. 15 అంగుళాలతో 33 నిమిషాలు వస్తుంది కానీ టేపు హిస్ (బుసబుస చప్పుడు) ఎక్కువ. 14 నిమిషాల పాట 30 వేగంలో పట్టాలంటే సరిగ్గా కొత్త రీలు మొదట్లో పడాలి. అందుకే ట్రక్కులో రెండు మెషీన్లు పెట్టి, మొదటిది అయిపోవడానికి రెండు నిమిషాల ముందే రెండోది మొదలుపెట్టడం పద్ధతి. రెండో మెషీన్ లేనిచోట మంచి సోలో రీలు మార్పులో పోయిందంటే ఇంకో రాత్రి టేపు వాడటం తప్ప దారి లేదు. రాత్రులు కలపడం వెనక ఎప్పుడూ మాయ చేయాలన్న ఉద్దేశమే ఉండదు.

కన్సోల్_వెనక

ఇంకో రాత్రి లేనివాళ్ల పరిస్థితి కూడా ఆలోచించండి. పింక్ ఫ్లాయిడ్ డేవిడ్ గిల్మోర్ 'లైవ్ ఇన్ గ్దాన్స్క్' 2006 ఆగస్టు 26న పోలండ్ ఓడల యార్డులో జరిగిన ఒక్క కచేరీ. ఆ టూర్‌లో ఆర్కెస్ట్రాతో చేసింది అదొక్కటే. ఏదైనా ట్రాక్ పోతే మార్చుకోడానికి రెండో రాత్రి లేదు. అదే బ్యాండ్ నుంచి బయటికొచ్చిన రోజర్ వాటర్స్ 1990 జులై 21న బెర్లిన్‌లో 'ద వాల్' చేసినప్పుడు మధ్యలో కరెంటు దెబ్బతింది, విడుదల చేసినదాంట్లో రిహార్సల్ భాగాలు వాడారు. రిహార్సల్ టేక్ లైవా కాదా? అదే స్టేజీ, అదే గాయకులు, టికెట్ కొన్న జనం మాత్రం లేరు. పాతటేపు గారి గీత అక్కడ ఎటు పడుతుందో వినాలని ఉంది.

పాతటేపు

నా గీత ఇదీ: ఒకేసారి అందరూ కలిసి వాయించినది అయితే లైవ్. రిహార్సల్ ఒప్పుకుంటాను, వేరే రాత్రి ఒప్పుకుంటాను. ఒంటరిగా హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ముందే అయిపోయినదాని మీద పాడితే ఒప్పుకోను. ఎందుకంటే డ్రమ్మర్ జాన్ సియోమోస్ ఆ గొంతుకి స్పందించి కొట్టలేదు, ఇంకో గొంతుకి కొట్టాడు. ఆ ఇచ్చిపుచ్చుకోవడం కోసమే కదా లైవ్ వినేది.

నల్లపళ్లెం

ఇది మంచి గీత. ఈ కొలతతో పియానో ఇంట్రో కూడా నెగ్గిపోతుంది. అక్కడ పియానో ఒంటరిగానే మొదలవుతుంది, మిగతావాళ్లు తర్వాత కలుస్తారు. అది ఎవరితోనూ మాట్లాడుతున్న ముక్క కాదు. మిగిలేది ఒక్క చరణం.

కొత్తగిటార్

ఒక పని ప్రశ్న అడగొచ్చా అండీ? ఇప్పుడు పబ్బుల్లో, కాలేజీ ఫెస్టుల్లో లైవ్ రికార్డు చేసేవాళ్లు ఈ గిటార్ మైకు సమస్య నుంచి ఎలా తప్పించుకోవాలి?

కన్సోల్_వెనక

గిటార్ కేబుల్ ఆంప్‌లోకి పోయే ముందు డీఐ బాక్స్ (సిగ్నల్‌ని నేరుగా రికార్డరుకి పంపే పెట్టె) పెట్టి, ఆంప్ రంగు అంటని పొడి సిగ్నల్‌ని వేరే ఛానెల్‌లో తీయండి. మైకు పోయినా ఆ సిగ్నల్‌ని తర్వాత రీఆంప్ బాక్స్ (రికార్డు చేసిన సిగ్నల్‌ని గిటార్ ఆంప్‌కి తగ్గట్టు మార్చే పెట్టె) ద్వారా అదే ఆంప్‌లోకి పంపి మళ్లీ మైకు చేయొచ్చు. వాయింపు ఆ రాత్రిదే ఉంటుంది, క్యాబినెట్ శబ్దం ఒక్కటే కొత్తది. పాతటేపు గారి గీత కూడా దాటక్కర్లేదు. డీఐ పెట్టాల్సింది పెడల్స్‌కి (కాలితో నొక్కే ఎఫెక్టు పెట్టెలు) ముందా తర్వాతా అని ముందే తేల్చుకోండి. వా పెడల్, డిలే వాయింపులో భాగమైతే వాటి తర్వాతే పెట్టాలి.

32 ఛానెళ్లు, 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ అయితే గంటకి సుమారు 16.6 జీబీ. అన్నీ ఒకే ఫైలుగా రాస్తే దాదాపు పదిహేను నిమిషాలకే, చాలా రికార్డర్లలో ఒక ఫైలుకి ఉండే 4 జీబీ హద్దు దాటుతుంది. ఫైల్ ముక్కలు తనంతట తను చేసే రికార్డరో కాదో షోకి ముందే అరగంట వదిలేసి చూడండి. ఆడియెన్స్ మైకులు రెండు తప్పనిసరి, స్టేజీ అంచున జనం వైపు తిప్పి పెట్టండి. వాటిలో పీఏ తక్కువ పడితే తర్వాత ఏదైనా సరిచేసినా పాత శబ్దం వెనక నుంచి అంతగా తొంగిచూడదు. మొదటి పాటకి గాత్రం గెయిన్ సౌండ్ చెక్ కంటే 6 డీబీ (డెసిబెల్) తక్కువ పెట్టండి. 24 బిట్‌లో ఆ మాత్రం తగ్గిస్తే నష్టమేమీ లేదు.

బాస్‌లైన్

వీలుంటే గాత్రానికి కూడా రెండు ఛానెళ్లు తీసుకోండి, రెండోది 12 డీబీ తక్కువలో. ఒకటి పగిలితే ఆ మాటలు రెండోదాంట్లో దొరుకుతాయి. వేదిక దగ్గరే సిగ్నల్‌ని రెండుగా చీల్చే స్ప్లిటర్ వాడాలి. మైకు ప్రీఆంప్‌లో పగిలిపోయాక చీలిస్తే రెండూ పగిలినవే వస్తాయి.

పాతటేపు

ఇవన్నీ 1975లో ట్రక్కులో ఉండుంటే మనకి ఈ చర్చే ఉండేది కాదేమో. అయినా 'సంథింగ్స్ హ్యాపెనింగ్' విషయంలో నా మాట మారదు: కవరు లోపల ఒక్క వాక్యం చాలు. 2001లో నాలుగు అదనపు పాటలతో డీలక్స్ ఎడిషన్ వేసినప్పుడు మంచి అవకాశం వచ్చింది. ఈసారి ఎవరు మళ్లీ వేసినా ఏ పాట ఏ ఊళ్లో, ఏ తేదీన తీశారో, ఏ ట్రాక్ తర్వాత వేశారో పాట పక్కనే అచ్చు వేయాలి.

మూడోరీలు

దానికి నా ఓటు కూడా వేసుకోండి. ఈలోగా ఆ చరణం వినాలనుకునేవాళ్లు హెడ్‌ఫోన్లతో, గొంతుని కాకుండా గొంతు చుట్టూ ఉన్న హాలుని పట్టించుకుంటూ వినండి. మొదటి చరణంలో మాట చివర మోత ఎంతసేపు నిలుస్తుందో, రెండో చరణంలో ఎంతసేపు నిలుస్తుందో పోల్చండి. స్పీకర్లలో వింటే మీ గది మోత కలిసి తేడా కప్పేస్తుంది.