దూరవిద్యలో బీఏ: అంగడి డ్యూటీ చేస్తూ మోయగలమా?

జొన్నరొట్టె (కర్నూలు): ఇంటర్ తెలుగు మీడియం. బట్టలంగట్లో పొద్దున 10 నుంచి రాత్రి 9 దాకా డ్యూటీ. ఇగ్నోలో (కేంద్ర ప్రభుత్వ దూరవిద్య యూనివర్సిటీ) బీఏ కడదామనుకుంటున్నా. నా వల్ల అవుతుందో కాదో ఫీజు కట్టకముందే తెలుసుకునేదెట్ల?

టవర్‌క్లాక్ (అనంతపురం): లెక్క చూడు తమ్ముడూ. ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. ఆరు క్రెడిట్ల సబ్జెక్టు 180 గంటలు. ఆర్నెల్లకు పరిస్తే వారానికి ఏడు గంటలు, అదీ ఒక్క సబ్జెక్టుకే. ఇట్లాంటివి మూడు నాలుగుంటాయి. నీకు వారంలో ఎన్ని గంటలు మిగులుతాయో ముందు రాసుకో.

బురుజుకాడ (కర్నూలు): 180 గంటలు ఎవరన్నా చదివేది? కాగితం మీది లెక్క అది. అయిదేండ్ల పాత పేపర్లు ముందరేసుకుంటే తిరిగొచ్చే ప్రశ్నలేవో తెలిసిపోతాయి. నెలన్నర చాలు.

ఉగ్గాని_బజ్జి: నెలన్నరా? అంగట్లో దసరా, సంక్రాంతి సీజన్ మధ్యలోనే డిసెంబర్ పరీక్షలు. అది చూసుకోండి ముందు.

టవర్‌క్లాక్: పాత పేపర్లతోనే గట్టెక్కుతారనేది తప్పు. అసైన్‌మెంట్లకు 30 శాతం, పరీక్షకు 70 శాతం, రెండిట్లోనూ విడివిడిగా పాస్ కావాల. అసైన్‌మెంట్ గడువు దాటిందంటే పరీక్ష ఎంత బాగా రాసినా ఆ సబ్జెక్టు తేలదు. ఇంకోటి, మరుసటి ఏడాదికి రీ-రిజిస్ట్రేషన్ కడితే పరీక్షకూ కట్టినట్టే అనుకుంటారు. కాదు, పరీక్ష ఫారం వేరే, దాని ఫీజు వేరే.

బురుజుకాడ: అవన్నీ సరే. 180 ఎక్కడిది అంటే మాత్రం జవాబు లేదు.

టవర్‌క్లాక్: చదవడం, అసైన్‌మెంట్ రాయడం, క్లాసులు, అన్నీ కలిపిన లెక్క. తెలుగు మీడియం వానికి అదీ చాలదు, పుస్తకాలు ఎక్కువగా ఇంగ్లీషు, హిందీల్లోనే. ఇగ్నో వాళ్ల వెబ్‌సైట్ ఈజ్ఞాన్‌కోశ్‌లో పాఠాలు ఉచితం. ఒక యూనిట్ దించుకో, గడియారం పెట్టుకొని చదువు. పుస్తకం మూసి, చివరి ప్రశ్నలో ఒకదానికి 500 మాటలు చేత్తో రాయి. డ్యూటీ రోజుల్లోనే చేయాల, సెలవుపూట కాదు. రెండు వారాల్లో నాలుగు యూనిట్లు ముగియకపోతే ఈ విడత ఆగు. జనవరి, జులై అని ఏడాదికి రెండు విడతలుంటాయి.

బురుజుకాడ: ఆగు, ఆగు. ఇదే మీ వరస. గ్రూప్-2 సర్కారు ఉద్యోగాలకు అప్లై చేయాలంటే డిగ్రీ కావాల, అంతే. గుర్తింపు ఉన్న సంస్థ ఇచ్చే దూరవిద్య డిగ్రీ రెగ్యులర్‌తో సమానమని యూనివర్సిటీలను చూసే యూజీసీ 2022లో చెప్పింది. మీరేమో అంగట్లో నిలబడేటోనికి చదువేంటికి అన్నట్టు గంటలు లెక్కబెడతారు.

టవర్‌క్లాక్: ఆ మాట నేననలేదు. పట్టా చేతికొస్తే చాలనేది మీరు. రేపు గ్రూప్-2 మెయిన్స్‌లో ఆంధ్ర చరిత్ర, రాజ్యాంగం, ఎకానమీ అడుగుతారు. బీఏలో ఇవే సబ్జెక్టులు సరిగా చదివినోనికి సగం బరువు తగ్గుతుంది. నెలన్నరలో బట్టీ కొట్టినోడు మళ్లీ కోచింగ్‌కు కడతాడు.

బురుజుకాడ: కోచింగ్ సంగతి తర్వాత. వయసు ఆగుతుందా? బీఏకు కనీసం మూడేండ్లు, లాగితే ఆరేండ్లు.

పెన్నాగట్టు (కడప): మీరిద్దరూ కొట్టుకోండి గానీ, అబ్బీ, డీఈబీ ఐడీ (దూరవిద్యలో చేరేవాళ్లకు యూజీసీ ఇచ్చే నంబరు) తీసినావా? 2024 నుంచి అది లేకుండా దూరవిద్యలో అడ్మిషన్ లేదు. దానికి ముందు డిజీలాకర్‌లో ఏబీసీ ఐడీ (చదివిన క్రెడిట్లు జమయ్యే ఖాతా నంబరు) కావాల. ఆధార్‌లో పేరు, టెన్త్ మెమోలో పేరు ఒకటేనా చూసుకో. ఇంటిపేరు ఒకదాంట్లో పొడి అక్షరం, ఇంకోదాంట్లో పూర్తిగా ఉంటే అక్కడే ఇరుక్కుంటావు.

జొన్నరొట్టె: ఆధార్‌లో ఇంటిపేరు చివర్న ఉంది, మెమోలో ముందుంది. రేపు ఆధార్ సెంటర్‌కు పోతా. యూనిట్ ఈ రాత్రే దించుకుంటా.

బురుజుకాడ: పాత పేపర్లు కూడా దించుకో.